మార్చి పోతే సెప్టెంబరు

(సంఘ వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగం. కార్యదర్శిగారి కోరికపై ఈ ప్రత్యేక సంచిక కొరకు వ్రాసి ఇచ్చినది.)



ఈ వేదికమీద నాకు సాధారణంగా అప్పగించే విషయాలు రెండు. డి.ఎ. బకాయిలు ఒకటి, వైద్య ఖర్చుల రీయింబర్సుమెంటు రెండవది. ఆ రెండింటిమీద నేను చెప్పవలసింది ఎప్పుడో అయిపోయింది. అందుచేత ఈసారి కార్యదర్శిగారు "పరీక్ష తప్పి మళ్ళీ వ్రాయవలసి వచ్చిన పిల్లల గురించి నాలుగు మాటలు చెప్పండి" అనగానే ఒప్పుకొన్నాను. నేను ఉపాధ్యాయుణ్ణి కాను. మానసిక వైద్యుణ్ణి అంతకంటే కాను. ముప్ఫై ఆరేళ్ళు ఫైళ్ళు వ్రాసి 2008లో పదవీ విరమణ చేసిన గుమాస్తాను. అయినా ఈ సంగతి మన సభ్యులలో చాలామందికి ఇంట్లో అనుభవమేనని నాకు తెలుసు. ఎలాగంటారా, సంఘం హాజరు పట్టీ నా దగ్గరే ఉంటుంది. నెలవారీ సమావేశానికి నలభైమంది వచ్చేచోట, ఇంటర్మీడియట్ ఫలితాలు వచ్చిన నెలలో ఇరవైమంది కూడా రారు. కారణం అడిగితే ఎండలంటారు, మోకాళ్ళంటారు. ఆ మోకాళ్ళు మళ్ళీ జూన్‌లో బాగుపడతాయి. మనవడికో, మనవరాలికో సప్లిమెంటరీ అయిపోయి ఉంటుంది.

మన కాలంలో దీనికి ఒక సామెతలాంటి మాట ఉండేది. మార్చి పోతే సెప్టెంబరు. నేను పి.యు.సి. పరీక్ష 1967 మార్చిలో వ్రాశాను. ఫలితాలు పత్రికలో నంబర్లుగా పడేవి. బస్సులో పత్రికల కట్ట దిగేవేళకు కుర్రాళ్ళందరం బస్టాండులో ఉండేవాళ్ళం. నంబరు ఉంటే ప్యాసు, లేకపోతే లేదు. ఎన్ని మార్కులతో పోయిందో ఎవరికీ తెలియదు, తెలుసుకొనే ఆత్రుత కూడా లేదు. తప్పినవాడు "సెప్టెంబరుకు కడతా" అనేవాడు. వేసవిలో పొలం పనో, దుకాణం పనో చూసుకొనేవాడు. పేరు ప్రక్కన బి.ఏ. అని వ్రాసి, దాని ప్రక్కన ఫెయిల్ అని కూడా వ్రాసుకొని దర్జాగా తిరిగినవారిని మనం ఎరుగుదుం.

ఇది చెప్పి, చాలామంది పెద్దలు ఇంకో మాట కలుపుతారు. "ఆ రోజుల్లో మేమూ తప్పాం, ఎవరైనా చచ్చిపోయామా? ఈ కాలం పిల్లలు సుకుమారులు" అని. ఈ మాటతో నేను ఏకీభవించను. ఆ రోజుల్లో కూడా పోయినవారు ఉన్నారు. మన ఊళ్ళలో బావులకు, కాలువలకు ఆ సంగతులు తెలుసు. "కాలు జారాడు" అని చెప్పుకొని మనం ఊరుకొన్నాం. పైగా ఆనాడు ఎస్.ఎస్.ఎల్.సి. తప్పినవాడికి కూడా ఏదో ఒక పని దొరికేది. ఈనాటి పిల్లకు ఇంటర్మీడియట్‌లో ఒక సబ్జెక్టు పోయిందంటే, ఆమె మార్కులు నిమిషంలో బంధువుల ఫోన్లన్నింటిలో ఉంటాయి. వీధి మలుపులో కాలేజీవారి ఫ్లెక్సీమీద ఆమెతో చదివిన పిల్లల ఫొటోలు నవ్వుతుంటాయి. ఆ ఫ్లెక్సీ క్రిందుగానే ఆమె పాల ప్యాకెట్టుకు వెళ్ళాలి.

అసలు మన సర్వీసులో మళ్ళీ మళ్ళీ పరీక్షలు వ్రాసినవాళ్ళం మనమే. డిపార్టుమెంటల్ టెస్టులు మరచిపోయారా? పబ్లిక్ సర్వీస్ కమిషన్‌వారు ఏడాదికి రెండుసార్లు పెట్టేవారు. అందులో సబార్డినేట్ ఆఫీసర్ల అకౌంట్స్ టెస్టు ఒకటి ఉంది. దాని పేరు చెప్పగానే వెనుక వరుసలో ఇద్దరు నవ్వుతున్నారు, వారెన్నిసార్లు వ్రాశారో నాకు తెలుసు. పుస్తకాలు దగ్గర పెట్టుకొని వ్రాయనిచ్చే పేపర్లు ఉండేవి. బయటివారు వింటే, పుస్తకం చూసి వ్రాసే పరీక్ష కూడా తప్పుతారా అంటారు. ఫండమెంటల్ రూల్సు, ట్రెజరీ కోడు, ఫైనాన్షియల్ కోడు మూడూ బల్లమీదే ఉంటాయి, కావలసిన రూలు మాత్రం గంట కొట్టాక కనబడుతుంది.

నేను మూడవసారికి గట్టెక్కాను. మా ఇంటావిడకు ఈ మూడు అంకె ఇవాళ ఈ సభలోనే తెలుస్తున్నది. మా సెక్షనులో ఒకాయన తొమ్మిది సెషన్లు కట్టాడు. తర్వాత అదే మనిషి నాకు పై అధికారిగా వచ్చి పదవీ విరమణ చేశాడు. నా సర్వీసు రిజిష్టరు తీసి చూడండి, నేను ఏ సెషనులో ప్యాసయ్యానో ఉంది, ఎన్నోసారికి ప్యాసయ్యానో ఎక్కడా లేదు. అలాగని అది ఆటవిడుపు కూడా కాదు. టెస్టు లేకపోతే ప్రమోషను లేదు. మన తర్వాత చేరిన కుర్రవాడు యు.డి.సి. అయి, మన చేతికి టప్పాలు ఇచ్చి సంతకం పెట్టమన్న రోజు ఎలా ఉంటుందో ఇక్కడ చాలామందికి గుర్తే.

అయినా దాన్ని తట్టుకొన్నాం. ఎందుకు తట్టుకొన్నామని ఈమధ్య కూర్చొని ఆలోచించాను. మొదటిది, తప్పినా ఒకటో తారీఖున జీతం వచ్చేది. ఇంట్లో మన స్థానం మారలేదు. రెండవది, ఒంటరిగా లేము. మా ఆఫీసునుండి ఒక సెషనుకు ఏడుగురం కట్టాం. ఒకే బస్సులో జిల్లా కేంద్రానికి వెళ్ళి, ఒకే హోటల్లో భోంచేసి, పరీక్ష కాగానే మొదటి ఆట సినిమాకు వెళ్ళి, ఆఖరి బస్సుకు తిరిగి వచ్చేవాళ్ళం. నలుగురం తప్పితే నలుగురం కలిసే మళ్ళీ కట్టేవాళ్ళం. ఆరు నెలలకు మళ్ళీ ఉంటుందన్నది ఖాయం, దాన్ని ఎవరూ కోర్టుకెక్కించి ఆపేవారు కాదు. ఇంకొకటి, మా నాన్నలు పరీక్ష హాలు గేటు దగ్గర నిలబడి లేరు. మళ్ళీ వ్రాయవలసి రావడంలో ఉన్న బాధ సిలబసులో తక్కువ, చుట్టూ ఉండే మనుషుల్లో ఎక్కువ అని నా అభిప్రాయం. చుట్టూ ఉండేవాళ్ళలో మనమూ ఉన్నాం కాబట్టి ఇవాళ ఈ మాటలు.

ఈనాటి పద్ధతి కొంత చెబుతాను. ఇది తెలియకపోవడంచేతనే సగం కంగారు. ఇంటర్మీడియట్ తప్పితే మన రోజుల్లోలాగా సెప్టెంబరు దాకా ఆగనక్కరలేదు. అడ్వాన్స్‌డ్ సప్లిమెంటరీ అని ఫలితాలు వచ్చిన కొద్దివారాలకే పెడుతున్నారు. ఏడాది వృథా కాకుండా పైచదువులో చేరవచ్చు. ప్యాసయిన మొదటి సంవత్సరం పిల్లలు కూడా మార్కులు పెంచుకోవడానికి ఆ పరీక్షలోనే ఇంప్రూవ్‌మెంటు వ్రాస్తారు. కాబట్టి ఆ హాల్లో కూర్చొన్నవారంతా తప్పినవారే అనుకోవడం పొరపాటు. ఇంజనీరింగుకు జె.ఇ.ఇ. మెయిన్ 2019 నుండి ఏడాదికి ఒకటికంటే ఎక్కువసార్లు పెట్టి, మంచి స్కోరునే లెక్కలోకి తీసుకొంటున్నారు. సి.బి.ఎస్.ఇ. వారు పదవ తరగతికి 2026 నుండి ఏడాదికి రెండు పరీక్షల పద్ధతి ప్రకటించారు. అంటే పరీక్ష పెట్టేవారే "మళ్ళీ వ్రాయడం మామూలు విషయం" అని ఒప్పుకొన్నారన్నమాట. ఇళ్ళలోనే ఇంకా ఒప్పుకోలేదు.

2022లో ఆంధ్రప్రదేశ్ పదవ తరగతి ఫలితాలు గుర్తున్నాయా? ఉత్తీర్ణత 67.26 శాతం. రెండు లక్షలమందికి పైగా పిల్లలు తప్పారు. ఆ పిల్లలు కరోనావల్ల రెండేళ్ళు సరిగా బడి మొహం చూడలేదు. తర్వాత నెలలోనే సప్లిమెంటరీ పెట్టి, అందులో ప్యాసయినవారికి కూడా రెగ్యులర్‌వారితో సమానంగా డివిజను ఇస్తామని ప్రభుత్వం ప్రకటించింది. మంచి పని చేశారు.

ఇక పిల్లల తప్పేమీ లేకుండా మళ్ళీ వ్రాయవలసి వచ్చిన సందర్భాలున్నాయి. 2016లో తెలంగాణలో వైద్య విద్యకు జూలై 9న ఎంసెట్-2 జరిగింది. ప్రశ్నపత్రం ముందే బయటికి పొక్కిందని తేలి, దాన్ని రద్దుచేసి, సెప్టెంబరు 11న ఎంసెట్-3 పెట్టారు. మంచి ర్యాంకు వచ్చిందని మిఠాయిలు పంచుకొన్న ఇళ్ళలో ఆ పిల్లలు మళ్ళీ పుస్తకాలు తెరవాల్సి వచ్చింది. 2024 మే 5న జరిగిన నీట్‌లో, సమయం నష్టపోయారని 1,563 మందికి కలిపిన మార్కులు తీసివేసి, కావలసినవారు మళ్ళీ వ్రాయవచ్చునని జూన్ 23న పరీక్ష పెడితే 813 మంది వ్రాశారు. మిగిలినవారు కలిపిన మార్కులు పోయినా సరే, ఆ హాలులోకి మళ్ళీ అడుగుపెట్టలేదు. వారిని నేను తప్పుపట్టలేను.

అన్నింటికంటే నన్ను కలచివేసింది 2019. తెలంగాణ ఇంటర్మీడియట్ ఫలితాలు ఏప్రిల్ 18న వచ్చాయి. మార్కుల నమోదులో తప్పులు దొర్లాయని గోల పుట్టింది. తెలుగులో సున్నా వచ్చిందన్న ఒక అమ్మాయి జవాబుపత్రం మళ్ళీ చూస్తే 99 ఉన్నాయి. ప్రభుత్వం విచారణ సంఘం వేసి, తప్పిన పిల్లలందరి పత్రాలూ రుసుము లేకుండా మళ్ళీ పరిశీలించమని ఉత్తర్వు ఇచ్చింది. వెయ్యిమందికి పైగా పిల్లలు అలా ప్యాసయ్యారు. ఈలోగా ఇరవైమందికి పైగా పిల్లలు ప్రాణాలు తీసుకొన్నారు.

నేను గుమాస్తాను కాబట్టి గుమాస్తాలాగానే అడుగుతాను. మన పెన్షను స్లిప్పులో వెయ్యి రూపాయలు తక్కువపడితే మనమేం చేస్తాం? ట్రెజరీకి వెళ్ళి లెక్క అడుగుతాం. అర్జీ పెడతాం, రశీదు తీసుకొంటాం. అంకె తప్పు పడుతుందని మనకు తెలుసు, ఎందుకంటే ఆ అంకెలు వేసింది మనమే. పదిహేడేళ్ళ పిల్లకు అది తెలియదు. కంప్యూటరు చెప్పింది దైవవాక్కు అనుకొంటుంది. రీకౌంటింగు అని ఒకటి ఉంటుందని, జవాబుపత్రం నకలు తెప్పించుకొని చూడవచ్చునని, దానికి ఆఖరు తేదీ ఉంటుందని చెప్పగలవాడు ఆ ఇంట్లో తాతే.

మా ఇంటి సంగతి కొంచెం చెబుతాను. మా మనవరాలి అనుమతి తీసుకొనే చెబుతున్నాను. 2023 ఏప్రిల్‌లో రెండవ సంవత్సరం ఫలితాలు వచ్చినప్పుడు ఆమెకు ఫిజిక్సు పోయింది. 60కి 21 రావలసినచోట 15 వచ్చాయి. ఎదురింటివారు ఆ సాయంత్రమే లడ్డూలు పంపారు, వారి అబ్బాయి ప్యాసయ్యాడు. మావాడు, అంటే పిల్ల తండ్రి, మూడు రోజులు కూతురితో మాట్లాడలేదు. కోపంతో కాదు, ఏం మాట్లాడాలో తెలియక. రెండేళ్ళ ఫీజుకు చేసిన అప్పు ఇంకా తీరలేదు. కోడలు ఫోను కట్టేసి పెట్టుకొంది. పిల్ల గది తలుపు వేసుకొంది.

నాలుగవ రోజున మావాణ్ణి కాలువ గట్టుమీదికి తీసుకువెళ్ళి, "ఒరేయ్, డబ్బు సంగతి మే నెలాఖరు దాకా ఇంట్లో ఎత్తకు. ఆ తర్వాత ఎంతైనా మాట్లాడుకొందాం" అన్నాను. వాడు కొంచెంసేపు కాలువలోకి చూసి, "తిట్టలేదుగా నాన్నా" అన్నాడు. "తిట్టినా బాగుండేది. మాట్లాడకపోతే పిల్ల ఏమనుకొంటుంది?" అన్నాను. ఆ రాత్రి వాడే పిల్లకు అన్నం పెట్టుకొని తీసుకువెళ్ళాడు.

ఇంటికి వచ్చే ఫోన్లు నేను తీశాను. అందరికీ ఒకే జవాబు: "ఫిజిక్సు ఒకటి మిగిలింది. మే ఆఖర్న వ్రాస్తుంది. ఉంటానండి." ప్రభుత్వ జాబులాగా, ముందు మాట లేదు, వెనుక మాట లేదు. దాచిపెట్టాలని మా కోడలి ఉద్దేశం. దాచినకొద్దీ పిల్లకు అది దాచవలసినంత సిగ్గుపడే సంగతి అనిపిస్తుందని నేనన్నాను. ఒక వారానికి ఫోన్లు ఆగిపోయాయి. లోకానికి మన గొడవలమీద ఉండే శ్రద్ధ వారం రోజులే.

తర్వాత ఒక ఫైలు తెరిచాను. నిజంగానే, పాత అలవాటు ప్రకారం అట్టమీద నంబరు వేసి, "విషయం: ఫిజిక్సు" అని వ్రాశాను. లోపల పరీక్ష ఫీజు ఆఖరు తేదీ, కట్టిన రశీదు, టైంటేబులు, హాల్‌టికెట్టు. ఫలితాలు వచ్చాక ఆ పిల్ల మొదటిసారి నవ్వింది ఆ అట్ట చూసి. "తాతయ్యా, దీనిమీద ఆర్డర్స్ ఎవరు వేస్తారు?" అంది. "మే నెలాఖర్న నువ్వే" అన్నాను. ఫీజు తేదీలు, ఫొటోలు, సంతకాలు ఆమె నెత్తిమీద లేకుండా చేశాను. చదువు మాత్రమే ఆమెకు వదిలాను.

నాకు ఫిజిక్సు రాదు. కాని పాత ప్రశ్నపత్రం ముందు పెట్టుకొని, "ఇందులో నువ్వు ఏది ఎప్పుడు వ్రాశావో వరుసగా చెప్పు" అని అడిగాను. ఆడిట్‌వారు ఖర్చు లెక్క అడిగినట్లే. తేలిన సంగతి ఇది. మూడు గంటల పేపరు. రెండు మార్కుల ప్రశ్నలు పది, నాలుగు మార్కులవి ఆరు, ఎనిమిది మార్కులవి రెండు వ్రాయాలి. ఈమె ముందు పెద్ద ప్రశ్నలు పట్టుకొంది. ఒకదానిలో మధ్యలో ఆగి, కొట్టివేసి, మళ్ళీ మొదలుపెట్టి, గంటన్నర అక్కడే ఖర్చుపెట్టింది. చిన్న ప్రశ్నలకు వచ్చేసరికి చేతులు వణికాయి. పదింటిలో నాలుగో అయిదో వ్రాసింది. ప్యాసుకు కావలసింది 21. చిన్నవి పదీ సరిగా వ్రాస్తే 20. ఈ లెక్క కాగితంమీద వేసి చూపించగానే పిల్ల మొహం మారింది. "నాకు ఫిజిక్సు రాదు" అనుకొంటున్న మనిషి, "నేను వరుస తప్పాను" అనుకోవడం మొదలుపెట్టింది. రెండవది సరిచేసుకోగలిగిన సంగతి. ఆ రోజునుండి చిన్న ప్రశ్నలతో మొదలుపెట్టి, గడియారం పెట్టుకొని, వారానికి రెండు పాత పేపర్లు ఇంట్లోనే వ్రాసింది. దిద్దడానికి మా వీధిలోని రిటైర్డు లెక్చరరుగారు సాయపడ్డారు.

అంతా సాఫీగా జరగలేదు. ఒక రాత్రి ఆమె మామ్మతో, "అదే పుస్తకం, అదే పేజీ మామ్మా, తెరిస్తే కడుపులో తిప్పుతోంది" అని ఏడ్చింది. మొదటిసారి వ్రాసేవాడికి ఏం వస్తుందోనన్న భయం, రెండవసారి వ్రాసేవాడికి ఏం జరిగిందో తెలుసును గనుక భయం. మా ఇంటావిడ ఏ ఉపదేశమూ చేయలేదు. పుస్తకం మూయించి, ప్రక్కన పడుకోబెట్టుకొంది. పరీక్ష ముగిసేదాకా ఆ పిల్ల మామ్మ ప్రక్కనే పడుకొంది, రాత్రి పదిన్నర తర్వాత దీపం ఉంచనివ్వలేదు. పరీక్షకు నేను ఒక్కణ్ణే తీసుకువెళ్ళి, గేటు దగ్గర దింపి, వెనుదిరిగి వచ్చేశాను. ఆ మూడు గంటలూ అక్కడ నిలబడాలని మావాడు పట్టుబట్టాడు కాని వద్దన్నాను. మళ్ళీ గంట కొట్టేవేళకు వెళ్ళాను. పేపరు ఎలా ఉందని అడగలేదు. చెరుకురసం త్రాగి ఇంటికి వచ్చాం. పిల్ల ప్యాసయింది. ఎన్ని మార్కులో చెప్పను. అది ఆమె సొంత విషయం. తర్వాత తనకు నచ్చిన డిగ్రీలో చేరింది.

అందరి ఇళ్ళలో ఇలా ఆరు మార్కుల సమస్యే ఉండదు. లాంగ్ టర్మ్ అని ఒకటుంది. నీట్ ఎన్నిసార్లు వ్రాయవచ్చునన్నదానికి పరిమితి పెట్టలేదు. జె.ఇ.ఇ. అడ్వాన్స్‌డ్‌కు వరుసగా రెండేళ్ళలో రెండుసార్లే అవకాశం. అక్కడ ఆగవలసిన చోటు వారే చెప్పారు. నీట్‌కు ఆ చోటు మనమే చెప్పుకోవాలి. ఇంకో ఏడాది చదువుతానని పిల్లవాడే అడిగితే చదివించడం న్యాయం. రెండవ ఏడాది ముందర మాత్రం, తల్లిదండ్రులు లేనప్పుడు వాడిని విడిగా కూర్చోబెట్టి, "నీకు ఇంకా ఇష్టమేనా?" అని అడగండి. తల్లిదండ్రుల ముందు వాడు కాదనలేడు, వారు చేసిన అప్పు వాడికి తెలుసు.

మన వయసువాళ్ళు అనే ఒక మాట ఉంది, దయచేసి దాన్ని మానుకొందాం. "నేను కన్నుమూసేలోగా నిన్ను డాక్టరుగా చూడాలిరా." ప్రేమతోనే అంటాం. మూడవసారి నీట్‌కు కూర్చొన్న కుర్రవాడి చెవిలో ఆ మాట ఎలా పడుతుందో ఆలోచించండి. వాడి పరీక్షకు మన చావును గడువు తేదీగా పెట్టినట్లయింది. మా బంధువులలో ఒక తాత ఈ మాటే ఏడాదిపాటు అన్నాడు. ఆ కుర్రవాడు ఫలితాలనాడు ఇంటికి రాకుండా రెండు రోజులు రైల్వేస్టేషన్లో కూర్చొన్నాడు. దేవుడి దయవల్ల దొరికాడు.

ఇంకో అలవాటు, గొప్పవారి ఉదాహరణలు. శ్రీనివాస రామానుజన్ ఎఫ్.ఏ. తప్పాడని ప్రతి తాతా చెబుతాడు. నిజమే, తప్పాడు. ఆయన 1912లో మద్రాసు పోర్టు ట్రస్టులో నెలకు ముప్ఫై రూపాయల జీతంమీద గుమాస్తాగా చేరాడు గనుక మన వర్గంవాడేనని నాకూ గర్వమే. కాని ఈ కథ విన్న పిల్లవాడు ఏమనుకొంటాడు? "పరీక్ష తప్పడం ఒకటే కాదు, ఇప్పుడు రామానుజన్ కూడా కావాలన్నమాట" అనుకొంటాడు. దానికంటే, అకౌంట్స్ టెస్టు తొమ్మిదిసార్లు వ్రాసిన మా ఆఫీసు పెద్దమనిషి కథ ఎక్కువ ఉపకరిస్తుంది. మా మనవరాలు దాన్ని మూడుసార్లు చెప్పించుకొంది.

ఇప్పుడు చెప్పేది కొంచెం కష్టమైన సంగతి. నేషనల్ క్రైమ్ రికార్డ్స్ బ్యూరో లెక్క ప్రకారం 2022లో మన దేశంలో ఆత్మహత్య చేసుకొన్న విద్యార్థులు 13,044 మంది. అందరూ పరీక్షలవల్ల కాదు. అయినా ఫలితాల రోజులు ప్రమాదకరమైన రోజులని అందరికీ తెలుసు. విశాఖపట్నంలో నీట్ కోచింగు తీసుకొంటూ మరణించిన ఒక విద్యార్థిని కేసులో సుప్రీంకోర్టు 2025 జూలై 25న తీర్పు ఇస్తూ, దేశం మొత్తంమీద విద్యాసంస్థలు పాటించవలసిన మార్గదర్శకాలు ఇచ్చింది. వందమంది, అంతకుమించి విద్యార్థులున్న చోట శిక్షణ పొందిన కౌన్సెలరు ఉండాలని, మార్కులనుబట్టి పిల్లలను బ్యాచ్‌లుగా విడదీయకూడదని, నలుగురిలో అవమానించకూడదని అందులో ఉంది. మీ పిల్లలు చదివేచోట ఇవి అమలవుతున్నాయో లేదో అడగండి. అర్జీలు వ్రాయడంలో మనల్ని మించినవారెవరు?

ఇంట్లో గమనించవలసినవి: పిల్ల వరుసగా తిండి మానడం, నిద్రపోకపోవడం, తనకు ప్రియమైన వస్తువులు ఇతరులకు ఇచ్చివేయడం, "నేను లేకపోతే మీకు బాధ ఉండదు" వంటి మాటలు. ఉత్తి మాటలేలే అని త్రోసిపుచ్చకండి. చచ్చిపోవాలని అనిపిస్తోందా అని సూటిగా అడగండి. అడిగితే లేని ఆలోచన పుట్టిస్తామేమోనని భయం అక్కరలేదు. వైద్యులందరూ అడగమనే చెబుతున్నారు. అవునంటే ఒంటరిగా వదలకండి. ఇంట్లో పురుగుమందులు, మన బి.పి. మాత్రలు, నిద్ర మాత్రలు తాళం వేసి పెట్టండి. మన వయసువాళ్ళ ఇళ్ళలో మాత్రలకు కొదువలేదు. టెలి మానస్ అని కేంద్ర ప్రభుత్వం 2022 అక్టోబరులో ప్రారంభించిన ఉచిత ఫోను సేవ ఉంది, నంబరు 14416. రాత్రీపగలూ తెలుగులో మాట్లాడతారు. మానసిక వైద్యుడి దగ్గరికి తీసుకువెళ్ళడానికి సిగ్గుపడకండి. మన షుగరుకు నెలనెలా వెళుతున్నాం కదా.

చివరగా సంఘానికి ఒక ప్రతిపాదన. ఇంటర్మీడియట్, పదవ తరగతి ఫలితాలు వచ్చిన మరునాటినుండి పదిరోజులు, సాయంత్రం నాలుగునుండి ఏడువరకు మన సంఘ భవనం తెరిచి ఉంచుదాం. రీకౌంటింగు దరఖాస్తు, సప్లిమెంటరీ ఫీజు, తేదీలు, ఇవి చూసి పెట్టడానికి ఇద్దరు సభ్యులు చాలు. కంప్యూటరు తెలిసిన మన రిటైర్డు టైపిస్టుగారు ఇప్పటికే ఒప్పుకొన్నారు. లెక్కలు, ఫిజిక్సు, కెమిస్ట్రీ చెప్పగల రిటైర్డు లెక్చరర్లు మన సభ్యత్వ జాబితాలో నలుగురున్నారు. వారికి నేను విడిగా కనబడతాను. సప్లిమెంటరీ వ్రాసే పిల్లలు అయిదారుగురు ఒకేచోట కూర్చొని చదువుకొంటామంటే వెనుక హాలు ఖాళీగానే ఉంది. అందులో రెండు ఫ్యాన్లు తిరుగుతున్నాయి, మూడవది బాగుచేయించాలి. దానికి అయ్యే ఖర్చు మంజూరు చేయవలసిందిగా అధ్యక్షులవారిని కోరుతున్నాను. తాళంచెవి ఎవరి దగ్గర ఉంచాలో, ఏ రోజు ఎవరు వస్తారో ఇవాళే వ్రాసుకొంటే మంచిది. కాగితం నా దగ్గర ఉంది. మొదటి రెండు రోజులకు నా పేరు వ్రాసుకొన్నాను, మిగిలినవి ఖాళీగా ఉన్నాయి. టీ ఇచ్చే సమయంలో మీ దగ్గరికి వస్తాను.